కాలి మీద అనుమానం

పొట్టిది ఇంటికొచ్చిన తొమ్మిది రోజుల్లో నడిరోడ్డు మీద ఐదుసార్లు ఆగింది. ఐదుసార్లూ స్టీరింగు ముందు ఉన్నది నేనే. ఐదుసార్లూ నేను బ్రేకు తొక్కలేదు. తొక్కలేదని ఇప్పుడైతే ఒట్టు వేసి చెప్పగలను. అప్పుడు చెప్పలేకపోయాను, నా బాధంతా అదే.

పొట్టిది అంటే మా కారు. చిన్న హాచ్‌బ్యాక్. ఒకప్పుడు ఎరుపట, ఎండకి వెలిసి వెలిసి ఇటుకరంగులోకి దిగింది. ఆ పేరు పెట్టింది మా అత్తయ్య. తాళాలు చేతిలో పెడుతూ బ్రోకరు, "సింగిల్ హ్యాండ్ బండి మేడమ్. ఒక్కాయనే నడిపాడు, పువ్వులా చూసుకున్నాడు" అన్నాడు. ఆ పువ్వుకి క్లచ్చి రాయిలా ఉండేది. రెండో గేరు బతిమాలితే గాని పడేది కాదు. నా వైపు తలుపు లోపలి నుంచి తియ్యాలంటే ముందు భుజంతో ఒక్క తోపు తొయ్యాలి. లోపలి అద్దం పక్కన ఇంకో చిన్న అద్దం అతికించి ఉంది, అందులో నాకు ఎప్పుడు చూసినా వెనకసీటు కుట్లే కనిపించేవి. ఇవేవీ నాకు కోపం తెప్పించలేదు. పాతబండి గుట్టుమట్లు మొదటిరోజే తెలియాలంటే ఎలా? మా ఆయన గుట్టుమట్లు తెలుసుకోవడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది.

నా పని ఇళ్ళకి వెళ్ళి పరీక్షలకి రక్తం తీసుకురావడం. పొద్దున్నే ఆరింటికి ల్యాబు పెట్టె భుజాన వేసుకుని స్కూటరు మీద బయల్దేరితే పది దాటేసరికి ఇరవై ఇళ్ళు తిరిగొచ్చేదాన్ని. సూది గుచ్చినట్టే తెలియదని నాకు పేరు. పెద్దవాళ్ళయితే చొక్కా చెయ్యి మడిచి, తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని ఎదురుచూసేవాళ్ళు. నన్ను సూదమ్మాయి అనేవాళ్ళు. నలభై రెండేళ్ళొచ్చినా వాళ్ళకి నేను అమ్మాయినే. అత్తయ్యేమో మా ముందుగదిలో తొక్కుడు మిషను మీద ముప్ఫై ఏళ్ళుగా స్కూలు యూనిఫారాలూ కర్టెన్లూ కుడుతోంది. "ఇంట్లో ఇద్దరూ సూదులు పట్టుకునేవాళ్ళే, నేను నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలి" అంటాడు మా ఆయన. ఆయన ప్రెస్సులో మిషను నడుపుతాడు. కారు నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

రెండేళ్ళ కిందట, లిఫ్టు పనిచెయ్యని ఒక బిల్డింగులో నాలుగో అంతస్తు నుంచి దిగుతూ పెట్టెతో సహా దొర్లాను. పెట్టెలో ట్యూబు ఒక్కటి కూడా పగల్లేదు. నా కుడికాలు మాత్రం రెండుచోట్ల విరిగింది. లోపల కడ్డీ వేశారు, ఎముక అతుక్కుంది. కానీ నరం నలిగిందట, ఐదు నెలలపాటు ఆ పాదం నాది కాకుండా పోయింది. గిల్లినా తెలిసేది కాదు, ఎత్తుదామంటే వేలాడేది. ఒకరోజు చెప్పు ఊడిపోయిన సంగతి కూడా తెలియక కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచాను. అత్తయ్య ఆ చెప్పు చేత్తో పట్టుకుని వెనకాలే వచ్చింది. వంగి కాలికి తొడిగింది. ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత్తర్వాత స్పర్శ తిరిగొచ్చింది. డాక్టరు అరికాల్లో పిన్నుతో గీసి చూసి, "దాదాపు అంతా వచ్చేసిందమ్మా. కారు నడుపుకోవచ్చు. స్కూటరు మాత్రం వద్దు" అన్నాడు. మిగతా మాటలన్నీ మర్చిపోయాను గాని ఆ 'దాదాపు' మాత్రం చెవిలో జోరీగలా ఉండిపోయింది.

ఈ రెండేళ్ళూ ల్యాబు కిందిగదిలో కూర్చుని ట్యూబులకి లేబుళ్ళు అంటించాను. కిటికీ లేని గది. మనుషుల రక్తం వస్తుంది, మనుషులు రారు. జీతం వస్తోంది కదా అని అందరూ నచ్చజెప్పేవాళ్ళు, నాకు మాత్రం లోపల్లోపల పిచ్చెక్కుతుండేది. కిందటి నెల మేనేజరు పిలిచి, "ఒకటో తారీకు నుంచి ఇళ్ళకి తిరిగే తూర్పు రూటు ఖాళీ అవుతోందమ్మా. నీకు సొంత కారుంటే అది నీదే. లేదంటే కొత్తమ్మాయికి ఇచ్చేస్తా. మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతుందో నేను చెప్పలేను" అని ఒక కాగితం చేతికిచ్చాడు. బండి నడపడానికి నేను అన్నివిధాలా తగినదాన్నని దాని కింద నేను సంతకం పెట్టాలి. పొట్టిది మా ఇంటికి వచ్చింది ఆ కాగితం కోసం.

లైసెన్సు నాకు ఎప్పటినుంచో ఉంది. ల్యాబులో చేరకముందు రెండేళ్ళు ఒక మందుల కంపెనీ వ్యాను నడిపాను కూడా. కానీ కాలు విరిగాక ఒంటరిగా బండి తియ్యడానికి ధైర్యం చాల్లేదు. అత్తయ్య మిషను మీద గుడ్డ కప్పి, "నేను పక్కన కూచుంటా పద. నాకేం భయం?" అంది. రోజూ సాయంత్రం ఇద్దరం వెళ్ళేవాళ్ళం. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూపు రోడ్డు మీంచి తిప్పకుండా బొమ్మలా కూర్చునేది. కిమ్మనేది కాదు. కోడలు నడుపుతుంటే నోరెత్తని అత్తగారు ఎంతమందికి దొరుకుతుంది అని మురిసిపోయాను.

మొదటిసారి బస్సు ఒకటి పక్కనుంచి మా ముందుకి దూరినప్పుడు ఆగింది. నెమ్మదించి ఆగడం కాదు, తల స్టీరింగుకి కొట్టుకునేంత కుదుపుతో ఆగి, ఇంజను ఆరిపోయింది. బస్సు ఇంకా దూరంగానే ఉంది. రెండోసారి స్కూలు గేటు దగ్గర. మూడోసారి ఒక కుక్క రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు. అప్పుడు వెనకవాడు హారన్ కొట్టి ఊరుకోలేదు, దిగొచ్చి అద్దం మీద తట్టి, "ఇల్లు అద్దెకు తీసుకున్నట్టు ఇక్కడే ఉండిపోతారా?" అన్నాడు. ఇంకో రోజయితే వాడికి తగిన జవాబు చెప్పేదాన్ని. ఆ రోజు కిందికి చూసుకున్నాను. నా కాలు ఆక్సిలరేటరు మీదే ఉంది.

"ఏం కాలేదు, స్టార్ట్ చెయ్యి" అంది అత్తయ్య. మొహం మాత్రం పాలిపోయి ఉంది. ఎండ వల్ల అనుకున్నాను.

ఐదోసారి కూడా అయ్యాక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ ఇంకో కొస చెవికీ ఆనించి వింటాడు, అందరూ ఆయన్ని డాక్టరుగారు అనే పిలుస్తారు. పొట్టిదాన్ని ఎత్తి, నాలుగు చక్రాలూ విప్పి, బ్రేకులు చూసి, బిగించి, ఒక్కడే ఎక్కి ఆరు కిలోమీటర్లు తిప్పుకొచ్చాడు.

"నిక్షేపంలా ఉందమ్మా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "పైన నాలుగు బెజ్జాలు పూడ్చి రంగేశారు, సామాన్ల స్టాండేదో పెట్టినట్టున్నారు. అంతకుమించి దీనికి వంకపెట్టడానికి లేదు. బ్రేకయితే కొత్తబండి కూడా ఇలా పట్టదు."

"మరి ఎందుకాగుతోంది?"

ఆయన ఒక్కక్షణం నా చెప్పుల వైపు చూశాడు. "మీరే తొక్కుతున్నారేమో. భయానికి చాలామంది తొక్కుతారు. తొక్కినట్టు వాళ్ళకే తెలీదు."

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ నా కాలికి తెలియకపోవడం అనేది ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా. ఊడిన చెప్పు తెలియని పాదానికి, తొక్కిన బ్రేకు తెలుస్తుందని ఏమిటి నమ్మకం? ఇవాళ తెలియకుండా బ్రేకు తొక్కిన కాలు, రేపు తెలియకుండా ఆక్సిలరేటరు తొక్కదని ఎవరు చెప్పొచ్చారు? స్కూలు గేటు ముందర తొక్కితే? ఆ ఆలోచన వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇంటికొచ్చి మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని, పెన్సిలు మొనతో కాలివేళ్ళు ముట్టుకోమన్నాను అత్తయ్యని. ఏ వేలు ముట్టిందో నేను చెప్పాలి. పదిసార్లు ముట్టింది. తొమ్మిది సరిగ్గా చెప్పాను, ఒకటి తప్పాను.

"నా కాలు ముట్టుకో, నేనూ తొమ్మిదే చెప్తా" అంది అత్తయ్య.

"మీరు బండి నడపట్లేదుగా!" అని కసిరాను. పాపం, పెన్సిలు అక్కడ పెట్టేసి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. మా ఆయన కాసేపాగి వచ్చి, "పోనీ అమ్మేద్దాంలే. లేబుళ్ళ పనికి మాత్రం ఏమొచ్చింది?" అన్నాడు. మంచికే అన్నాడు. మంచికి అన్న మాటలకి వచ్చినంత కోపం నాకు తిట్లకి కూడా రాదు. ఆయన మీద అరిచి, తర్వాత స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. ఈ జన్మకి మళ్ళీ ఏ తలుపు దగ్గరా ఎవరూ నా కోసం చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చోరని ఏడ్చాను.

నెలాఖరు ఆదివారం వచ్చింది. తెల్లారితే ఒకటో తారీకు. కాగితం నా బ్యాగులో ఉంది. పొద్దున కాఫీ తాగుతూ అత్తయ్యకి తేల్చి చెప్పేశాను. "ఇవాళ గోడౌన్ల వెనక రోడ్డు మీద ఆఖరిసారి నడుపుతాను. అక్కడ ఆదివారం మనుషులుండరు. ఒక్కసారి ఆగినా సరే, సంతకం పెట్టను. రూటు వద్దని రేపు నేనే చెప్పేస్తాను. ఇక ఈ మాట ఎవరూ ఎత్తొద్దు."

"ఆగదులే" అంది అత్తయ్య, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "పద, నాకేం భయం?"

పావుగంట పొట్టిది బుద్ధిగా నడిచింది. రెండో గేరు కూడా బతిమాలించుకోకుండా పడింది. రెండువైపులా పొడుగాటి గోడలు, మూసిన షట్టర్లు, మధ్యలో ఖాళీరోడ్డు. నాకు ఆశ పుట్టింది. మలుపు తిరిగేసరికి గోడవారగా ఒకాయన సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. మాకూ ఆయనకీ మధ్య ఇంకో కారు పట్టేంత చోటుంది. నేను కాలు కదపలేదు, కదపలేదనే అనుకున్నాను. బండి ఎగిరిపడి ఆగిపోయింది.

సైకిలాయన మావైపు వింతగా చూసి, తన దారిన వెళ్ళిపోయాడు.

నేను మళ్ళీ స్టార్ట్ చేసి, మెల్లిగా ఒక గోడౌను గేటుకి కొంచెం ఇవతలగా పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, సీటు వెనక్కి జరిపాను. కుడి చెప్పు విప్పి, ఆ కాలెత్తి ఎడమ మోకాలి మీద పెట్టుకుని, రెండు చేతులతో పాదం పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మచ్చ ఉన్నచోట చర్మం మెరుస్తోంది. దాన్ని చూస్తే అసహ్యమేసింది. నా ఒంట్లోనే ఉంటూ నాకు ద్రోహం చేస్తున్నట్టనిపించింది.

"అయిపోయింది అత్తయ్యా" అన్నాను. "ఇంక నావల్ల కాదు."

ఆవిడ ఏదో అనబోయింది. అంతలో గోడౌను గేటు ధడాలున తెరుచుకుని, ఒక లారీ వెనక్కి నడుస్తూ బయటికొచ్చింది. దాని వెనకతలుపు మా అద్దం మీదికే వస్తున్నట్టుంది. అత్తయ్య గుక్క బిగబట్టడం వినిపించింది. నేను ఓరకంట చూశానే గాని తలెత్తలేదు, చూపు ఇంకా నా పాదం మీదే ఉంది. ఆ పాదం కిందుగా, ఎవరి కాలూ లేని చోట, బ్రేకు పెడలు నేలదాకా వంగింది. ఎవరో అదృశ్యంగా కూర్చుని తొక్కినట్టు వంగి, అక్కడే ఉండిపోయింది.

లారీ ఇరవై అడుగుల దూరంలోనే మలుపు తీసుకుని వెళ్ళిపోయింది. అత్తయ్య ఊపిరి వదిలింది. పెడలు పైకి లేచింది.

పాదం ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"అత్తయ్యా, ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశా? ఏం చెయ్యలేదే."

"మీ కాలు..."

"నా కాలు ఇక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది? కూచున్నదాన్ని కూచున్నట్టే ఉన్నా."

"మళ్ళీ తొక్కండి."

"ఏం తొక్కను? ఇక్కడేముందని?"

"మీకు దణ్ణం పెడతాను, నేలని గట్టిగా తొక్కండి."

దొంగతనం బయటపడ్డట్టు మొహం పెట్టుకుని, అత్తయ్య కుడికాలు ముందుకు చాపి తొక్కింది. నా ముందున్న పెడలు వంగింది. కాలు తీసింది, లేచింది. ఇంకోసారి తొక్కమన్నాను. ఇంకోసారి వంగింది. నేను అవతలికి వెళ్ళి, ఆవిణ్ణి దింపి, రబ్బరు చాప లాగిపారేసి, కింద అతికించిన కార్పెట్టు ఊడబీకాను. జానెడు ఇనుపకడ్డీ ఒకటి, మొండిగా, పైకి కొంచెం లేచి ఉంది. దాని చివర రంపంతో కోసిన గుర్తు. మొదలు అడుగునుంచి నా పెడలు వైపుకి పోయింది.

పైన బోర్డు పీకి పూడ్చిన బెజ్జాలు, పక్కసీటు వైపు తిప్పిన రెండో అద్దం, రాయిలాంటి క్లచ్చి, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఇది డ్రైవింగు స్కూలు బండి. పక్కన కూర్చున్న మాస్టారు తొక్కడానికి పెట్టిన బ్రేకు ఇది. అమ్మేటప్పుడు పైన పాదం పెట్టే రేకు కోసేసి, మొండికడ్డీ వదిలేసి, కార్పెట్టు కప్పేశారు. కాలు సరిగ్గా దాని మీద గట్టిగా పడ్డప్పుడే పట్టేది. మెకానిక్కు ఒక్కడే నడిపాడు, ఆయన పక్కన తొక్కేవాళ్ళెవరూ లేరు. సింగిల్ హ్యాండ్ అన్నాడు బ్రోకరు. ఊరంతా చెయ్యేసిన బండి! వాడి మొహాన ఏం కొట్టాలా అని ఆలోచిస్తూనే, ఇంతకాలం నా సీట్లో కూర్చున్నవాళ్ళంతా నాలాగే వణుక్కుంటూ కూర్చున్నవాళ్ళే కదా అని తోచింది. పొట్టిది మొదటిసారి నాకు ముద్దొచ్చింది.

అత్తయ్య రోడ్డు పక్కన చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఆరుసార్లూ మీరేనా?" అన్నాను.

"ఆరేనా? నేను దారిపొడుగునా తొక్కుతూనే ఉన్నానే తల్లీ" అంది. "మిషను మీద సూది వేలిదాకా వస్తే కాలు దానంతటదే బిగుసుకుంటుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఇక్కడ తొక్కుతున్నది నేలనే కదా, నేల తొక్కితే ఎవరికేం నష్టం అనుకున్నా."

"మరి భయం లేదన్నారు?"

"లేకపోవడమేంటే? మొదటిరోజు నుంచీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచుంటున్నా. నువ్వు నడుపుతున్నావని కాదు, నాకసలు కారంటేనే భయం. ఆ మాట చెప్తే నువ్వు బండి పక్కన పెట్టేసేదానివి. మళ్ళీ ఆ లేబుళ్ళ గదిలోకే పోయేదానివి. నీకు ధైర్యం చెబుదామని కూచుంటే, నేనే నీ కాలి మీద నీకు అనుమానం పుట్టించానా? రెండు రోజుల్నుంచి నువ్వు అన్నం తినకపోతే, నా మూలంగానా?"

ఇప్పటిదాకా నేను చూసిందంతా మేకపోతు గాంభీర్యం అన్నమాట. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది. అక్కడే కారు గుమ్మంలో కూలబడి, నా కుడి పాదాన్ని గట్టిగా గిల్లాను. చురుక్కుమంది. ఇంకోసారి గిల్లాను. ఎంత హాయిగా నొప్పెట్టిందో చెప్పలేను. కొండంత బరువు దిగిపోయింది. నా కాలు నాదే. అది నాకు తెలియకుండా ఏమీ చెయ్యలేదు, చెప్పినప్పుడు చెప్పినట్టే చేసింది, దాన్ని రెండు రోజులుగా నేనే నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఊరుకో, ఎవరైనా చూస్తే అత్త కొట్టిందనుకుంటారు" అంది అత్తయ్య, తన కళ్ళు తుడుచుకుంటూ.

చెప్పు తొడుక్కున్నాను. "అత్తయ్యా, ఒక్కదాన్నే ఓ చుట్టు తిరిగొస్తాను. మీరిక్కడే ఉండండి."

"వెళ్ళు వెళ్ళు, నాకేం భ..." అని ఆగింది. "భయంగానే ఉంది. అయినా వెళ్ళు."

కారెక్కాను. పక్కసీటు ఖాళీగా ఉంటే లోపల ఎంత చోటుందో అప్పుడే తెలిసింది. గోడవెంట నడిపాను, మొదటి మలుపు తిరిగాను, రెండోది తిరిగాను. ఒక పిల్లి అడ్డంగా పరిగెత్తింది. నెమ్మదించాను, అది వెళ్ళిపోయింది, ముందుకి పోనిచ్చాను. పొట్టిది ఎక్కడా ఉలిక్కిపడలేదు. మూడో మలుపు దగ్గర నేను పైకే ఏదో పాడుతున్నానని గమనించి నాకే సిగ్గేసింది. నాలుగో మలుపు తిరిగేసరికి దూరంగా రోడ్డు అంచున అత్తయ్య కనిపించింది.

కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. బండి చప్పుడు దగ్గరపడుతున్నకొద్దీ మొహం ఇంకా ముడుచుకుపోతోంది, కానీ అక్కడినుంచి ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. నేను కాలు మార్చాను. అరికాలి కింద పెడలు అంచు, దాని మీది గీతలు, అది మెత్తగా లోపలికి దిగడం, అన్నీ తెలిశాయి. పొట్టిది ఆవిడకి నాలుగడుగుల ఇవతల నిలబడింది.

"ఆగిందా?" అంది అత్తయ్య, కళ్ళు తెరవకుండానే.

"ఆపాను" అన్నాను.